ఇదేం జీవి? చూసి గుర్తుపట్టడం, పోలికలతో వర్గీకరించడం: ఒక సమగ్ర మార్గదర్శి

పువ్వు మీద పసుపు, నలుపు చారల పురుగు వాలితే చాలామంది తేనెటీగ అనో, కందిరీగ అనో అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. కాస్త ఆగి రెక్కలు లెక్కపెట్టండి. రెండే ఉంటే అది ఆ రెండింట్లో ఏదీ కాదు. అది ఈగల కుదురుకు చెందిన హోవర్‌ఫ్లై. దానికి కొండి ఉండదు కాబట్టి కుట్టదు. కుట్టే పురుగుల వేషం వేసుకుని పక్షుల నోటికి చిక్కకుండా బతికేస్తుంది.

మనల్ని మోసం చేసింది చారల రంగు, నిజం చెప్పింది రెక్కల లెక్క. జీవుల్ని గుర్తించే విద్యలో సగం ఇదే: ఏ లక్షణాన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు అని తెలుసుకోవడం. మిగతా సగం ఓపిక. దీనికి డిగ్రీలేవీ అక్కర్లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, ఒక నోటు పుస్తకం, పెన్సిల్ ఉంటే మొదలుపెట్టొచ్చు.

## ముందు ఈ తేడా తెలియాలి

గుర్తించడం వేరు, వర్గీకరించడం వేరు. గుర్తించడం అంటే ఎదురుగా ఉన్న జీవికి, ఇప్పటికే ఉన్న పేర్లలో ఏది సరిపోతుందో తేల్చడం. వర్గీకరించడం అంటే జీవుల మధ్య ఉన్న చుట్టరికాన్ని బట్టి గుంపులు కట్టడం. మొదటి పనికి ఏ గుర్తు పనికొచ్చినా వాడుకోవచ్చు. రెండో పనికి అలా కుదరదు.

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1735లో మొక్కలన్నింటినీ 24 తరగతులుగా విడదీశాడు. ఆధారం ప్రధానంగా పువ్వులోని కేసరాల సంఖ్య, అవి ఉన్న తీరు. కేసరాలు లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చు కాబట్టి ఆ పద్ధతి గుర్తింపుకు బ్రహ్మాండంగా పనికొచ్చింది. కానీ కేసరాల లెక్క కలిసినంత మాత్రాన ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని మొక్కలు కూడా ఒకే గుంపులో చేరిపోయాయి. అందుకే వర్గీకరణగా అది నిలవలేదు. ఆయన పెట్టిన రెండు మాటల పేర్ల పద్ధతి మాత్రం ఈ రోజుకీ నడుస్తోంది.

## 1. పేరు ఆలోచించకండి, ముందు కనిపించింది రాయండి

అందరూ తొందరపడేది ఇక్కడే. చూడగానే మనసులో ఒక పేరు మెదులుతుంది. ఇక అక్కడి నుంచి కళ్లు ఆ పేరుకు సరిపోయే గుర్తులనే వెతుకుతాయి, సరిపోనివి కనిపించినా పట్టించుకోవు. కాబట్టి పేరు పక్కన పెట్టి, ఫోన్లో అవతలి మనిషికి చెబుతున్నట్టు వివరం రాయండి.

జంతువైతే: కాళ్లెన్ని, ఒళ్లు ఎన్ని భాగాలుగా కనిపిస్తోంది, పైన ఉన్నది చర్మమా, పొలుసులా, ఈకలా, వెంట్రుకలా, గట్టి పెంకా. మీసాలు ఉన్నాయా, ఉంటే పొట్టివా పొడుగువా, కొనలు ఎలా ఉన్నాయి. మొక్కైతే: ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా. కాండం గుండ్రమా, పలకలుగా ఉందా. ఆకు తుంచితే పాలు కారుతున్నాయా. పువ్వు రేకులు ఎన్ని, విడివిడిగా ఉన్నాయా, అతుక్కుని గొట్టంలా ఉన్నాయా.

బొమ్మ గీయడం మంచి అలవాటు. బొమ్మ బాగా రానవసరం లేదు. గీయాలంటే చూడాలి, చూడాలంటే లెక్కపెట్టాలి. కాలు ఒంటికి ఎక్కడ అతుక్కుందో గీసేటప్పుడే మొదటిసారి గమనిస్తాం.

ఫొటోలు తీస్తే ఒక్కటి చాలదు. పై నుంచి, పక్క నుంచి, వీలైతే కింద నుంచి కూడా తీయండి. పువ్వు ఫొటో ఒక్కటే తెచ్చి మొక్క పేరు అడిగేవాళ్లు చాలామంది. ఆకు, ఆకు అడుగు భాగం, ఆకు కొమ్మకు అతికిన చోటు, కాయ, బెరడు కూడా ఉంటే పని ఎంతో సులువవుతుంది. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే కొలత కూడా తెలుస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ కనిపించింది, ఏం చేస్తోంది, దేని మీద వాలింది అన్నవీ రాయండి. గొంగళి పురుగు విషయంలో అది తింటున్న మొక్క ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే చాలా రకాలు కొన్ని మొక్కల్నే తింటాయి.

## 2. ఏ లక్షణాన్ని నమ్మాలి?

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

రంగును అన్నింటికంటే చివర్లో చూడండి. రంగు వయసుతో మారుతుంది, కాలంతో మారుతుంది, ఆడ మగలను బట్టి మారుతుంది. మగ కోకిల నిగనిగలాడే నలుపు. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. రంగును నమ్ముకుంటే మగ కోకిలను కాకి పక్కన, ఆడ కోకిలను ఇంకెక్కడో పెట్టాల్సి వస్తుంది. సైజు కూడా అంతే. పిల్ల ఎదుగుతుంది, తిండి చాలని మొక్క గిడసబారుతుంది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: రెక్కలొచ్చిన కీటకం ఇక పెరగదు. చిన్న ఈగ పెద్ద ఈగకు పిల్ల కాదు.

నమ్మదగినవి ఒంటి కట్టడానికి సంబంధించినవి: అవయవాల సంఖ్య, అవి అమరిన తీరు, ఒకదానితో ఒకటి అతికిన పద్ధతి. ఎండలో ఉన్నా నీడలో ఉన్నా, లేతదైనా ముదురుదైనా ఇవి అంత తేలిగ్గా మారవు.

అయితే వీటికీ మినహాయింపులున్నాయి. అందుకే ఒక్క గుర్తు మీద తీర్పు చెప్పకూడదు. మళ్లీ మన హోవర్‌ఫ్లై దగ్గరికే వెళ్దాం. ఈగకు రెండు రెక్కలు, తేనెటీగకు నాలుగు అన్నాం. కానీ తేనెటీగ ముందు రెక్క, వెనక రెక్క సన్నని కొక్కేలతో జతపడి ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఒకే రెక్కలా అనిపిస్తుంది. కాబట్టి రెండో సాక్ష్యం కావాలి. మీసాలు చూడండి. తేనెటీగవి పొడుగ్గా, మోచేయి మడిచినట్టు వంగి ఉంటాయి. హోవర్‌ఫ్లైవి సాధారణంగా పొట్టిగా, మొండిగా ఉంటాయి. మూడోది కళ్లు. హోవర్‌ఫ్లై తలలో ఎక్కువ భాగం కళ్లే. ఇక దగ్గరగా చూడగలిగితే, వెనక రెక్కలు ఉండాల్సిన చోట దానికి చిన్న గుండుసూదుల్లాంటి రెండు కాడలు ఉంటాయి. ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా చూసే అవయవాలవి. ఈగలు, దోమలు అన్నింటికీ ఉమ్మడి గుర్తు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు గుర్తులు ఒకే మాట చెబితే అప్పుడు ధైర్యంగా పేరు రాయొచ్చు.

లెక్కపెట్టడం కూడా కొన్నిసార్లు బోల్తా కొట్టిస్తుంది. కీటకాలకు ఆరు కాళ్లు కదా? సీతాకోకచిలుకల్లో నింఫాలిడే అనే పెద్ద కుటుంబం ఉంది. వాటి ముందు కాళ్లు బాగా కుంచించుకుపోయి ఛాతీకి అంటుకుని ఉంటాయి. చూస్తే నాలుగు కాళ్లే అనిపిస్తుంది. సాలీడుకు నోటి పక్కన ఉండే అవయవాల జత ఒక్కోసారి ఐదో జత కాళ్లలా కనిపిస్తుంది. గొంగళి పురుగుకు ఛాతీ దగ్గర ఆరు అసలు కాళ్లు ఉంటాయి. వెనక మెత్తగా, పట్టు కోసం ఉండేవి కీళ్లు లేని బుడిపె కాళ్లు. అందుకే ఎన్ని కాళ్లు అని కాకుండా, కీళ్లున్న కాళ్లు ఎన్ని అని అడగాలి.

కొన్ని జీవుల విషయంలో కంటికంటే చెవే నయం. పాశ్చాత్య దేశాల్లో ఆకుల మధ్య తిరిగే చిన్న చిన్న పచ్చటి పిట్టలు మూడు రకాలున్నాయని ఇంగ్లండ్‌కు చెందిన గిల్బర్ట్ వైట్ 1768లోనే తేల్చాడు. అవి చూడ్డానికి ఇంచుమించు ఒకటే. పాటలు మాత్రం వేరు.

## 3. పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకు దిగండి

నేరుగా జాతి పేరు కోసం వెతికితే లక్షల పేర్ల మధ్య తప్పిపోతాం. పురుగుల్లో ఒక్క పెంకుపురుగులవే 3,50,000కు పైగా జాతులకు పేర్లున్నాయి. ముందు పెద్ద తలుపు ఏదో తేల్చుకోవాలి.

కీళ్లున్న కాళ్లు, పైన గట్టి కవచం ఉన్న జీవుల్లో పని తేలికే. ఆరు కాళ్లు, మూడు భాగాల ఒళ్లు అయితే కీటకం. ఎనిమిది కాళ్లు, మీసాలు లేకపోతే సాలీళ్లు, తేళ్లు, పిడుదుల గుంపు. రెండు జతల మీసాలుంటే పీత, రొయ్యల గుంపు. ఖండానికో జత కాళ్లుంటే జెర్రి, రెండేసి జతలుంటే రోకలిబండ.

కీటకమని తేలాక తర్వాతి ప్రశ్న రెక్కలదే. ముందు రెక్కలు డొప్పల్లా గట్టిపడి ఉంటే పెంకుపురుగులు. రెక్కల మీద పొడిలా సన్నని పొలుసులుంటే సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు (మాత్‌లు). తూనీగల్లో రెండు రకాలను వేరు చేయాలంటే అది వాలేదాకా ఆగండి: రెక్కలు రెండు పక్కలకీ చాచి ఉంచితే పెద్ద తూనీగ, వీపు మీదికి ముడిచి పెట్టుకుంటే చాలావరకు సూదిలా ఉండే సన్న తూనీగల గుంపు. సన్న తూనీగ కళ్లు తలకు రెండు చివర్ల దూరదూరంగా ఉంటాయి.

వెన్నెముక ఉన్నవాటిలో ఒంటి మీద ఏముందో అడగండి. ఈకలుంటే పక్షి, మరో మాట లేదు. ఈ రోజు బతికున్న జీవుల్లో ఈకలు ఇంకెవరికీ లేవు. వెంట్రుకలు, పిల్లలకు పాలు ఉంటే క్షీరదం. గుడ్లు పెడుతుందా అన్నది ఇక్కడ అడ్డు రాకూడదు. ప్లాటిపస్, నాలుగు జాతుల ఎకిడ్నాలు గుడ్లు పెట్టే క్షీరదాలే. కప్పల గుంపు ఒళ్లు తేమగా, పొలుసులు లేకుండా ఉంటుంది. బల్లి, పాముల గుంపుది పొడి పొలుసుల చర్మం.

కాళ్లు లేకుండా పాకేవన్నీ పాములు కావు. కాళ్లు పోగొట్టుకున్న బల్లులు ఉన్నాయి. వాటిలో చాలావాటికి కదిలే కనురెప్పలు, చెవి రంధ్రాలు ఉంటాయి. పాముకు రెండూ ఉండవు, కళ్ల మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. సిసీలియన్లని ఇంకొకటి ఉంది, వానపాములా ఉంగరాలతో మట్టిలో ఉంటుంది. కానీ వెన్నెముక ఉంది, దవడలున్నాయి, అది కప్పల బంధువు. ఈ పరీక్షలు ఫొటోలోనే చేయండి. కనురెప్పలున్నాయో లేదో చూద్దామని పాము మొహం దగ్గరికి వెళ్లే పని పెట్టుకోవద్దు.

## మొక్కల దగ్గర ఆగాల్సిన చోటు: అసలు ఆకు ఏది?

మొక్కల్లో అందరూ తడబడేది పువ్వు దగ్గర కాదు, ఆకు దగ్గర. వేపచెట్టు నుంచి ఒక ఆకు కోయమంటే చాలామంది రంపపు అంచున్న చిన్న ముక్కను తుంచి ఇస్తారు. అది ఆకు కాదు, ఆకులో ఒక పత్రకం. మధ్య ఈనెకు అటూ ఇటూ ఉన్న పత్రకాలన్నీ కలిపితేనే ఒక్క ఆకు. మునగలో ఇంకా విడ్డూరం. చేతి పొడవు ఉండే, రెండు మూడు సార్లు చీలిన ఆ ఈనెల గుత్తి మొత్తం ఒకే ఆకు.

ఎలా తెలుసుకోవాలి? మొగ్గ కోసం వెతకండి. ఆకు కొమ్మకు అతుక్కునే పంగలో మొగ్గ ఉంటుంది. పత్రకం ఈనెకు అతుక్కునే చోట మొగ్గ ఉండదు. ఈ ఒక్క పరీక్ష వస్తే మీ మొక్కల గుర్తింపులో సగం తప్పులు పోతాయి. ఎందుకంటే ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా అనే ప్రశ్నకు జవాబు ఏది ఆకు అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఏకదళ బీజాలు, ద్విదళ బీజాలు అని బడిలో చదివిందే. ఆకులో ఈనెలు సమాంతరంగా ఉండి, పువ్వు భాగాలు మూడు మూడుగా ఉంటే ఏకదళం. ఈనెలు వలలా అల్లుకుని, పువ్వు భాగాలు నాలుగో ఐదో ఉంటే ద్విదళం. చేమ కుటుంబంలో వెడల్పాటి ఆకులు, వలలాంటి ఈనెలు ఉన్నా అవి ఏకదళాలే.

ఆ తర్వాత కుటుంబాలను పట్టుకోవడం నేర్చుకోండి. జాతుల పేర్లు వందలు బట్టీ పట్టేకంటే ముఖ్యమైన పాతిక కుటుంబాల పోలికలు తెలుసుకోవడం చాలా లాభం. మందార పువ్వు మధ్యలో పొడుచుకొచ్చే గొట్టాన్ని చూడండి. కేసరాలన్నీ అతుక్కుని గొట్టంగా మారి కీలాన్ని చుట్టుకుంటాయి. పత్తి పువ్వులో అదే గొట్టం, బెండ పువ్వులో అదే. మూడూ ఒకే కుటుంబం. ఇక ఎక్కడ ఎప్పుడూ చూడని పువ్వులో ఆ గొట్టం కనిపించినా, ఎటు వెతకాలో మీకు తెలిసిపోతుంది. తులసి, పుదీనాల కుటుంబానిది నలుపలకల కాండం, ఎదురెదురు ఆకులు, రెండు పెదవుల్లా తెరుచుకున్న పువ్వు. పలకల కాండం వేరే కుటుంబాల్లోనూ ఉంటుంది కాబట్టి మూడూ కలిసి రావాలి.

## 4. పోలిక ఉంటే చుట్టరికం ఉన్నట్టేనా?

ఇక్కడి నుంచి మనం గుర్తించడం దాటి వర్గీకరణలోకి వస్తున్నాం.

నాగజెముడు, బొమ్మజెముడు రెండూ ముళ్లతో, కండపట్టిన ఆకుపచ్చ కాండాలతో ఉంటాయి. కానీ నాగజెముడు కాక్టస్ కుటుంబం, పుట్టిల్లు అమెరికా ఖండాలు. బొమ్మజెముడు యూఫోర్బియా కుటుంబం. నీళ్లు దొరకని చోట బతకాల్సి రావడం వల్ల రెండూ వేర్వేరుగా ఒకే రూపానికి వచ్చాయి. తేడా పట్టాలంటే ముళ్లు మొలిచిన చోటు చూడండి. కాక్టస్ ముళ్లు నూగులాంటి చిన్న దిండు మీద గుత్తిగా మొలుస్తాయి. బొమ్మజెముడులో ఆ దిండు ఉండదు, ముళ్లు జతలుగా ఉంటాయి, గాటు పడితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కళ్లలో పడితే ప్రమాదం, చేత్తో తుంచి పరీక్షించకండి.

తిమింగలం కథ కూడా ఇదే. లిన్నేయసే మొదట దాన్ని చేపల్లో వేశాడు. తన పుస్తకం సిస్టెమా నేచురే 1758 నాటి పదో ముద్రణలో క్షీరదాల్లోకి మార్చాడు. ఈత తీరులోనూ ఆ తేడా కనిపిస్తుంది: చేప తోక పక్కలకు ఆడుతుంది, తిమింగలం తోక పైకీ కిందకీ ఆడుతుంది.

గబ్బిలం రెక్క, పక్షి రెక్క సంగతి కాస్త మెలికగా ఉంటుంది. రెండింటిలోనూ లోపలున్నవి ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన చేతి ఎముకలే. చెయ్యిగా చూస్తే రెండూ ఒకటే. కానీ గబ్బిలంలో సాగిన వేళ్ల మధ్య చర్మం పరుచుకుంటే, పక్షిలో కుదించుకుపోయిన వేళ్ల మీద ఈకలు వచ్చాయి. రెక్కగా చూస్తే వేర్వేరుగా పుట్టినవి. కీటకం రెక్కలో అసలు ఎముకే లేదు.

అంటే ఉమ్మడి లక్షణాలన్నీ సమానం కావు. జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ 1950లో దీనికొక స్పష్టమైన నియమం పెట్టాడు. ఒక గుంపు పూర్వీకుడిలో కొత్తగా పుట్టి, ఆ సంతతికి మాత్రమే అందిన లక్షణమే ఆ గుంపుకు సాక్ష్యం. అంతకుముందు నుంచీ అందరికీ ఉన్న పాత లక్షణం సాక్ష్యం కాదు. పిల్లికీ ఏనుగుకీ వెన్నెముక ఉంది కాబట్టి అవి దగ్గరివి అనలేం, ఎందుకంటే కప్పకూ ఉంది. రెండింటికీ వెంట్రుకలున్నాయి, పాలున్నాయి అంటే అప్పుడు మాట నిలుస్తుంది.

ఈ నియమాన్ని పట్టుకుంటే కొన్ని పాత గుంపులు కూలిపోతాయి. మొసలికి బల్లి కంటే పక్షే దగ్గరి బంధువు. పుట్టగొడుగులు మొక్కల కంటే జంతువులకు దగ్గర. వాటి కణాల గోడల్లో ఉండేది కైటిన్ అనే గట్టి పదార్థం, కీటకాల పెంకులో ఉండేదీ అదే. వెన్నెముక లేని జీవులు అనే గుంపు మాటల్లో సౌకర్యమే గానీ వర్గం కాదు. లేకపోవడం చుట్టరికానికి రుజువు కాదు. నత్తకూ లేదు, సాలీడుకూ లేదు, అంత మాత్రాన అవి అన్నదమ్ములు అయిపోవు. పైగా లేకపోవడానికి కారణం పోగొట్టుకోవడం కూడా కావచ్చు. కొండచిలువల్లో తోక మొదట్లో రెండు చిన్న గోళ్లలాంటివి ఉంటాయి, పూర్వీకుల వెనక కాళ్ల అవశేషాలు. అందుకే కాళ్లు లేకపోయినా పాము నాలుగు కాళ్ల జీవుల వంశంలోదే.

## 5. సొంతంగా ఒక గుర్తింపు కీ తయారు చేయండి

ఒక్కో మెట్టు దగ్గర రెండే దారులుండి, చివరికి ఒక పేరు దగ్గరికి చేర్చే ప్రశ్నల వరసను కీ అంటారు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ 1778లో ఫ్రాన్స్ మొక్కల కోసం ఈ పద్ధతిని వాడి ప్రచారంలోకి తెచ్చాడు. వేరేవాళ్ల కీలు వాడేముందు ఒకటి సొంతంగా రాస్తే దాని కిటుకు అర్థమవుతుంది. తొమ్మిది జీవులతో నమూనా ఇది:

1. కీళ్లున్న కాళ్లు లేవు: 2కి వెళ్లండి. ఉన్నాయి: 3కి వెళ్లండి.
2. ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టు ఖండాలు: వానపాము. ఖండాలు లేవు, వీపు మీద చుట్ట తిరిగిన గుల్ల: నత్త.
3. కాళ్లు 6: 4కి. అంతకంటే ఎక్కువ: 6కి.
4. రెక్కలు 2: ఈగ. రెక్కలు 4: 5కి.
5. ముందు రెక్కలు గట్టి డొప్పలు: పెంకుపురుగు. అన్ని రెక్కలూ పలచన, వేలికి పొడి అంటుతుంది: సీతాకోకచిలుక.
6. కాళ్లు 8 లేదా 10: 7కి. ఇంకా చాలా ఎక్కువ: 8కి.
7. కాళ్లు 8, మీసాలు లేవు: సాలీడు. కాళ్లు 10, ముందు జత పట్టకారులా ఉంది: పీత.
8. ఖండానికి ఒక జత కాళ్లు: జెర్రి. ఎక్కువ ఖండాలకు రెండేసి జతలు: రోకలిబండ.

తొమ్మిది జీవులకు ఎనిమిది మెట్లు పట్టాయి. రెండు దారుల కీలో ఒక్కో పేరూ ఒక్కసారే వస్తే ఎప్పుడూ అంతే, జీవుల సంఖ్యకు ఒకటి తక్కువ.

ఇప్పుడు దీన్ని చెడగొట్టే ప్రయత్నం చేయండి. చీమను పెట్టండి. ఆరు కాళ్లున్నాయి, నాలుగో మెట్టు రెక్కలు అడుగుతుంది, పనిచేసే చీమకు రెక్కలుండవు. కీ అక్కడ ఆగిపోతుంది. అంటే రెక్కలు లేని కీటకాలకు ఇంకో మెట్టు కావాలి. కందిరీగను పెడితే ఐదో మెట్టు దగ్గర ఏ దారీ సరిపోదు. ఇలా ఆగిపోతే ఫర్వాలేదు, కనీసం మనకు తెలుస్తుంది. ప్రమాదమల్లా ఆగకుండా తప్పు పేరు దగ్గరికి తీసుకెళ్లే కీతోనే. తేలును పెడితే ఏడో మెట్టు దాన్ని నిక్షేపంగా సాలీడు అంటుంది. అందుకే ఏ కీ అయినా అది ఏ జీవుల కోసం, ఏ ప్రాంతం కోసం రాశారో ముందు చూడాలి. చివరికి వచ్చిన పేరును పూర్తి వర్ణనతో మళ్లీ పోల్చుకోవాలి.

మెట్లు రాసేటప్పుడు పెద్దది, చిన్నది అని రాయకండి, కొలత ఇవ్వండి. రెండు దారులూ ఒకే అవయవం గురించి మాట్లాడాలి. ఒక దారిలో ఆకు, ఇంకో దారిలో పువ్వు పెడితే పువ్వు లేని కాలంలో ఏం చేస్తారు? ఇంకో మాట, కీలో పక్కపక్కనే ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉందనుకోవద్దు. పైన వానపాము, నత్త కలిసింది కాళ్లు లేకపోవడం దగ్గరే.

## 6. పేరు, దాని వెనక వరస

పెద్ద గుంపు నుంచి చిన్న గుంపు దాకా మెట్లు ఇవి: రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. పెద్ద పులి విషయంలో ఇవి జంతువులు, కార్డేటా (వెన్నెముక జీవులున్న వర్గం), క్షీరదాలు, మాంసాహార క్రమం, పిల్లుల కుటుంబం, పాంథెరా, టైగ్రిస్. శాస్త్రీయ నామంలో చివరి రెండే రాస్తాం: పాంథెరా టైగ్రిస్. సింహం పాంథెరా లియో. మొదటి మాట కలిసింది కాబట్టి దగ్గరి చుట్టాలని పేరే చెబుతోంది. అన్నింటికంటే పైన, 1990లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వోస్ బృందం ప్రతిపాదించిన, డొమైన్లనే మూడు మహా గుంపులున్నాయి: బ్యాక్టీరియా, ఆర్కియా, యూకేరియా. కంటితో చేసే గుర్తింపులో వాటి అవసరం దాదాపు రాదు.

పేర్లు మారుతుంటాయి, కంగారు పడకండి. పాత పుస్తకాల్లో నల్లతుమ్మ అకేసియా నిలోటికా. ఆ ప్రజాతిని విడదీశాక ఇప్పుడది వాచెలియా నిలోటికా. చెట్టు మారలేదు, చుట్టరికం గురించి మన అవగాహన మారింది. వెతికేటప్పుడు పాత పేరు, కొత్త పేరు రెండూ వాడండి.

## 7. యాప్, డీఎన్‌ఏ ఎంతవరకు?

ఐనేచురలిస్ట్ లాంటి యాప్‌లు ఫొటో చూసి పేర్లు సూచిస్తాయి. వాడండి, కానీ కీలో మొదటి మెట్టుగా, తీర్పుగా కాదు. అవి నేర్చుకున్నది ఎక్కువమంది ఫొటో తీసిన జాతుల నుంచి, కాబట్టి అరుదైనవాటి దగ్గర తడబడతాయి. సూచించిన పేరు మీ ప్రాంతంలో ఉంటుందా, మీరు రాసుకున్న మూడు గుర్తులు దానికి సరిపోతాయా అని చూడండి. పుట్టగొడుగులు, అడవి కాయలు, ఆకుల విషయంలో యాప్ మాట మీద ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. ప్రాణాంతకమైన పుట్టగొడుగులు కొన్ని మంచివాటికి అచ్చుగుద్దినట్టు ఉంటాయి.

కెనడాకు చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ఇంకో దారి చూపింది. జంతువుల మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల ముక్కను చదివి, దాంతో జాతిని గుర్తించవచ్చని. మరుసటి ఏడాదే కోస్టారికాలో అస్ట్రాప్టెస్ ఫుల్గరేటర్ అనే సీతాకోకచిలుకను పరీక్షిస్తే ఒకటనుకున్న జాతిలో పది దాకా ఉన్నట్టు కనిపించింది. రెక్కలొచ్చిన సీతాకోకచిలుకలు చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. గొంగళి పురుగుల రూపం, అవి తినే మొక్కలు మాత్రం తేడాగా ఉన్నాయి. నోటు పుస్తకంలో తిండి మొక్క రాయమన్నది ఇందుకే.

## 8. ఎక్కడ ఆగాలి?

కొన్ని సాలీళ్లను జాతి స్థాయిలో తేల్చాలంటే మైక్రోస్కోప్ కింద జననాంగాలు చూడాల్సిందే. ఫొటోతో కుదరదు. అలాంటప్పుడు కుటుంబం దగ్గరో, ప్రజాతి దగ్గరో ఆగిపోవడమే సరైన జవాబు. ప్రజాతి పేరు రాసి పక్కన ఎస్‌పీ అని పెడితే, జాతి తేలలేదని చదివేవాళ్లకు అర్థమవుతుంది. ఊహించి రాసిన జాతి పేరు కంటే ఇది ఎన్నో రెట్లు పనికొస్తుంది, ఎందుకంటే తప్పు పేరు ఒకసారి జాబితాలోకి ఎక్కితే దాన్ని తీయడం కష్టం.

మీ నోటు పుస్తకంలో ఒక నమోదు ఇలా ఉంటే చాలు: తేదీ, సమయం, చోటు. పువ్వు మీద వాలింది. రెక్కలు 2, మీసాలు పొట్టి, కళ్లు తలంతా, పొట్ట మీద పసుపు చారలు. క్రమం డిప్టెరా (ఈగలు, దోమలు), కుటుంబం సిర్ఫిడే (హోవర్‌ఫ్లైలు). నమ్మకం: కుటుంబం వరకు గట్టిగా. ప్రజాతి తేలలేదు, రెక్క ఈనెలు ఫొటోలో స్పష్టంగా రాలేదు. మళ్లీ కనిపిస్తే రెక్కను పై నుంచి దగ్గరగా తీయాలి.